చేసిన పనికి చివరి కూలి

నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట. కృష్ణకు అడ్డంగా, 124 మీటర్ల ఎత్తున, రాయి మీద రాయి పేర్చి కట్టింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసినప్పటి నుంచి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలేదాకా, ఆ తర్వాత 1974లో గేట్ల పని పూర్తయ్యేదాకా కట్ట దగ్గరి నందికొండలో వేలాది మంది కూలీలు బతికారు. పాలమూరు నుంచి మేస్త్రీల వెంట గుంపులుగా వచ్చినవాళ్లు, రాయి కొట్టడంలో చేయి తిరిగిన వడ్డెరలు, పిల్లాజెల్లాతో వచ్చి గుడిసెలు వేసుకున్నవాళ్లు. యంత్రం కన్నా మనిషి చేతిని ఎక్కువగా నమ్ముకుని కట్టిన ప్రాజెక్టు అది. పని అయిపోయి తిరిగి వెళ్లేటప్పుడు ఆ కూలీల మూటలో ఏముంది అని అడిగితే, చివరి వారం కూలి డబ్బులు తప్ప చట్టం చేతిలో పెట్టింది దాదాపు ఏమీ లేదు.

ప్రావిడెంట్ ఫండ్ చట్టం అప్పటికే ఉంది. 1952 నుంచే ఉంది. కానీ మొదట్లో అది ఆరు పరిశ్రమలకే వర్తించింది: సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగు వస్తువులు, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టల మిల్లులు. నిర్మాణ రంగం అందులోకి వచ్చింది 1980లో. అంటే సిమెంటు తయారు చేసే ఫ్యాక్టరీ కార్మికుడికి పీఎఫ్ హక్కుంది, ఆ సిమెంటుతో కట్ట మీద రాయి కూర్చోబెట్టిన కూలికి లేదు. గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. అప్పటికి కట్ట లేచింది, కాల్వలు పారుతున్నాయి, కూలీలు చాలామంది వేరే ప్రాజెక్టుకు పోయారు. పనిలో దెబ్బ తగిలితే, ప్రాణం పోతే పరిహారం ఇవ్వాలన్న 1923 నాటి చట్టం ఒక్కటే అప్పుడు వాళ్లకు దిక్కు.

ఇవాళ ఆ పరిస్థితి లేదు. నందికొండ మున్సిపాలిటీలో ఔట్‌సోర్సింగ్ కింద వీధులు ఊడ్చే మనిషికీ, వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద పనిచేసే కార్మికుడికీ, మిర్యాలగూడ రైసు మిల్లులో గుమస్తాకూ ముసలితనం కోసం కొంత డబ్బు పక్కన పెట్టాలని చట్టం యజమానిని శాసిస్తుంది. అలా పెట్టిన డబ్బుకు గట్టి కాపలా కూడా ఉంది. నాకు అర్థమైనంతలో ఖాతాలో పడిన రూపాయిని చట్టం బాగానే కాపాడుతోంది. కార్మికుడు మునిగిపోతున్నది ఖాతాదాకా రాని రూపాయి దగ్గర. కాబట్టి కాపలా ఎంత గట్టిదో ముందు చెప్పి, అది ఎక్కడ పలచబడుతుందో తర్వాత చెబుతాను.

పింఛను అనగానే ప్రభుత్వమో యజమానో దయతలచి ఇచ్చేదన్న భావన మన దగ్గర ఇంకా పోలేదు. ‘ఇచ్చినప్పుడు తీసుకుందాం’ అంటారు. సుప్రీంకోర్టు ఈ మాటను యాభై ఏళ్ల కిందటే కొట్టేసింది. దేవకీనందన్ ప్రసాద్ కేసులో 1971లో పింఛను బహుమానం కాదు, ఉద్యోగి ఆస్తి అని తేల్చింది. 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో ఇంకో అడుగు ముందుకేసి, గతంలో చేసిన సేవకు ఇప్పుడు ఇచ్చే ప్రతిఫలమే పింఛను అని చెప్పింది. ఏటా డిసెంబరు 17న పింఛనుదారుల దినం జరుపుకునేది అందుకే. చేసినప్పుడు చేతికి ఇవ్వకుండా ఆపి ఉంచిన కూలి ఇది. ఆస్తి కనుక చట్టం ప్రకారం తప్ప దాన్ని లాక్కునే అధికారం ప్రభుత్వానికి కూడా లేదు.

ప్రైవేటులో లెక్క ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద లోడింగు పని చేసే కార్మికుణ్ని ఒకణ్ని ఊహించుకుందాం, పేరు యాదయ్య అనుకుందాం. మూలవేతనం, కరువు భత్యం కలిపి నెలకు 12,000 రూపాయలు. అందులో 12 శాతం, అంటే 1,440 రూపాయలు జీతంలో కోత పడుతుంది. యజమాని తన వైపు నుంచి మరో 1,440 వేయాలి. యజమాని వేసినదాంట్లో వేతనంపై 8.33 శాతం, సుమారు 1,000 రూపాయలు, పింఛను పథకానికి పోతుంది. మిగిలిన 440 యాదయ్య పీఎఫ్‌లో కలుస్తుంది. ఇవి కాక బీమా కోసం, నిర్వహణ ఖర్చు కోసం అర శాతం చొప్పున యజమానే కట్టాలి. పీఎఫ్ పాస్‌బుక్ తెరిస్తే ప్రతి నెలకూ మూడు గడులు ఇందుకే కనిపిస్తాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పింఛను వాటా. మూడో గడిలోని డబ్బు పీఎఫ్ నిల్వలో కలవదు. ‘నా డబ్బు తక్కువ చూపిస్తున్నారు’ అని చాలామంది కంగారుపడేది ఇక్కడే. అది పోలేదు, పింఛను లెక్కలో ఉంది.

కాంట్రాక్టర్లు కొందరు యజమాని వాటాను కూడా కార్మికుడి కూలిలోంచే కోస్తారు. ‘రోజుకు ఇంత అన్నాం, అందులో పీఎఫ్ రెండు వైపులదీ కలిసే ఉంది’ అంటారు. పీఎఫ్ పథకం నియమాల ప్రకారం ఇది చెల్లదు. ఒప్పందం మీద కార్మికుడు సంతకం చేసినా చెల్లదు. ఇంకో చిన్న నియమం కూడా గుర్తుంచుకోదగ్గది. ఒక నెల కార్మికుడి వాటా కోయడం యజమాని మరిచిపోతే, పీఎఫ్ ఇన్‌స్పెక్టరు రాతపూర్వక అనుమతి లేకుండా తర్వాతి నెలల్లో పాత బకాయి పేరుతో కోయడానికి వీల్లేదు.

ఇక కాపలా సంగతి. పీఎఫ్ ఖాతాలో ఉన్న డబ్బును ఏ అప్పులవాడూ కోర్టు ద్వారా జప్తు చేయించలేడు. యాదయ్య చిట్టీ ఎగ్గొట్టినా, ఎవరి అప్పుకో పూచీ ఉండి ఇరుక్కున్నా, డిక్రీ పట్టుకుని ఆ ఖాతా మీదికి రావడానికి లేదు. 1952 చట్టంలోని పదో సెక్షన్ ఆ మాట చెప్పింది, సివిల్ ప్రొసీజర్ కోడ్ అరవయ్యో సెక్షన్ దానికి తోడు నిలిచింది. గ్రాట్యుటీకీ, ప్రభుత్వ పింఛనుకూ ఇదే రక్షణ ఉంది. డబ్బు చేతికొచ్చాక కూడా ఆ రక్షణ ఎగిరిపోదని 2008లో రాధేశ్యామ్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రిటైరైన మనిషి గ్రాట్యుటీ డబ్బును బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసుకున్నా, ఇంకెవరికో ఉన్న పూచీ బాకీ కింద దాన్ని జప్తు చేయడం తగదని తీర్పు. పిల్లల అప్పులకు పూచీ ఉండి, ఆ తర్వాత నోటీసులకు భయపడి రిటైర్మెంటు డబ్బంతా ఊడ్చిపెట్టే తల్లిదండ్రులు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు ఈ ఒక్క తీర్పు తెలిసినా మేలు.

కంపెనీ దివాలా తీస్తే ఏమిటి? ఈ భయం అన్ని దేశాల్లోనూ ఒకటే. అమెరికాలో సౌత్‌బెండ్ అనే ఊళ్లో స్టూడిబేకర్ కార్ల కంపెనీ 1963లో ఫ్యాక్టరీ మూసేసింది. పింఛను నిధిలో చాలినంత డబ్బు లేదు. దశాబ్దాలు పనిచేసిన నాలుగు వేల మందికి పైగా రావాల్సినదాంట్లో సుమారు 15 శాతంతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. దేశమంతా కదిలిపోయింది, పదకొండేళ్లకు, 1974లో, పింఛను నిధుల మీద కఠినమైన చట్టం తెచ్చారు. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్న మన తెలుగు పిల్లల రిటైర్మెంటు ఖాతాలకు కూడా ఆ చట్టమే కంచె. మన పద్ధతి వేరు. పీఎఫ్ డబ్బు సాధారణంగా కంపెనీ దగ్గర ఉండదు, నెలనెలా ప్రభుత్వ ట్రస్టీల బోర్డు చేతికి వెళుతుంది. కాబట్టి కంపెనీ మునిగినా కట్టిన డబ్బు మునగదు. కట్టని బకాయి సంగతి చూస్తే, అది కంపెనీ ఆస్తుల మీద మొదటి హక్కు అని చట్టం చెప్పింది. మహారాష్ట్రలో ఒక చక్కెర ఫ్యాక్టరీ తన చక్కెర బస్తాలను సహకార బ్యాంకుకు తాకట్టు పెట్టింది; పీఎఫ్ బకాయి కోసం అధికారులు ఆ బస్తాల మీదికి వచ్చారు. తాకట్టు పెట్టుకున్నది మేమే కదా అని బ్యాంకు వాదించింది. 2009లో సుప్రీంకోర్టు కార్మికుల వైపే నిలిచింది: ముందు పీఎఫ్, తర్వాతే బ్యాంకు. 2016 దివాలా స్మృతి కూడా పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధులను అప్పులవాళ్లు పంచుకునే ఆస్తిలో కలపకూడదని స్పష్టంగా రాసింది.

కోసిన డబ్బు కట్టకపోతే అది కేవలం బకాయి కాదు, నేరం. కార్మికుడి జీతంలోంచి పీఎఫ్ కోసిన యజమాని ఆ డబ్బును అప్పగింత సొమ్ముగా ఉంచుకున్నట్టు లెక్క. దాన్ని కట్టకుండా వాడుకుంటే నమ్మకద్రోహం. పాత శిక్షాస్మృతిలో 405వ సెక్షన్ కింద ఉన్న ఈ వివరణ ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్‌లో ఉంది. ఈఎస్ఐ కోతకూ ఇదే వర్తిస్తుంది. ఆలస్యంగా కడితే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానికి తోడు నష్టపరిహారం.

ఇంత కాపలా ఉండి కూడా కార్మికుడు ఉత్త చేతులతో ఎందుకు మిగులుతున్నాడు?

మొదటి కారణం కాంట్రాక్టరు మారడం. యాదయ్య పనిచేసే గేటు ఒకటే, ఎత్తే బస్తా ఒకటే, సూపర్‌వైజరు ఒకడే. రెండేళ్లకోసారి కాంట్రాక్టు ఇంకో పేరు మీదికి పోతుంది. పాత కాంట్రాక్టరు ‘లెక్క తేల్చుకోండి’ అంటాడు. యాదయ్య నెట్ సెంటరుకు పోయి పీఎఫ్ మొత్తం తీసేసుకుంటాడు. అప్పుడే పింఛను డబ్బు కూడా ఫారం 10సి పెట్టి తీసుకుంటాడు, నెట్ సెంటరు పిల్లాడు రెండూ కలిపి పెట్టేస్తాడు గనక. చేతికి నలభై, యాభై వేలు వస్తాయి. బిడ్డ పెళ్లి ఖర్చుకో, బోరు వేయడానికో ఆదుకుంటాయి కూడా. అవసరం లేక తీసుకున్నాడని నేననను. కానీ ఆ ఫారంతో అతని పింఛను సర్వీసు సున్నా అయిపోయింది.

పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు ఉండాలి. ఆ పదేళ్లు ఒకే యజమాని దగ్గర ఉండనక్కర్లేదు, వరుసగా ఉండనక్కర్లేదు. వేరువేరు కాంట్రాక్టర్ల కింద మూడేళ్లు, రెండేళ్లు, ఐదేళ్లు చేసినా కలుస్తాయి, మధ్యలో తీసుకోకపోతే. ఆరు నెలలు, అంతకు మించిన ముక్కను ఏడాదిగా లెక్కిస్తారు కనుక తొమ్మిదిన్నరేళ్లు నిండినా పదిగానే చూస్తారు. యాభై ఎనిమిదేళ్లు నిండాక నెలనెలా వచ్చే మొత్తం ఇలా తేలుతుంది: చివరి అయిదేళ్ల సగటు వేతనాన్ని సర్వీసు ఏళ్లతో హెచ్చించి 70తో భాగించాలి. 12,000 వేతనం, 15 ఏళ్ల సర్వీసు అయితే సుమారు 2,571 రూపాయలు. పెద్ద మొత్తం కాదని ఒప్పుకుంటాను. 2014లో నిర్ణయించిన కనీస పింఛను 1,000 రూపాయల దగ్గరే ఇన్నేళ్లుగా ఆగిపోవడం సిగ్గుపడాల్సిన విషయం కూడా. అయినా ఊళ్లో ఉన్న ముసలి దంపతులకు నెలనెలా ఖాయంగా పడే రెండున్నర వేలు, ఆయన పోతే ఆమెకు సాగే వితంతు పింఛను, ఎప్పుడో ఖర్చయిపోయిన యాభై వేలతో తూగేవి కావు. కాంట్రాక్టరు మారినప్పుడు పీఎఫ్ ఖాతాను కొత్త చోటికి బదిలీ చేయించుకోవాలి. తప్పనిసరైతే పీఎఫ్‌లోంచి అడ్వాన్సు తీసుకోవచ్చు, పింఛను వాటా జోలికి మాత్రం పోకూడదు. పని పూర్తిగా మానేసినా డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడిగితే ఆ సర్వీసు భద్రంగా నిలిచి ఉంటుంది. 2025 అక్టోబరులో కేంద్ర ట్రస్టీల బోర్డు పింఛను డబ్బు తీసుకునే నిరీక్షణ గడువును రెండు నెలల నుంచి ముప్పై ఆరు నెలలకు పెంచాలని నిర్ణయించింది. కార్మికుల్లో దీని మీద కోపం ఉంది, నా డబ్బు నాకెందుకివ్వరని. ఆ కోపం న్యాయమే, ఆ నిర్ణయం వెనక ఉన్న భయమూ నిజమే.

రెండో కారణం పేరు. మన దగ్గర ఇంటిపేరు ముందు రాస్తాం. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు, కాంట్రాక్టరు రిజిస్టరులో పొడి అక్షరం, బ్యాంకులో ఇంటిపేరే లేదు. యాదయ్య ఒకచోట యాదగిరి, ఇంకోచోట యాదయ్య. పుట్టిన తేదీ తెలియక ఎక్కడో జనవరి ఒకటి అని వేస్తారు, ఇంకెక్కడో జూన్ ఒకటి. ప్రతి కార్మికుడికి ఒకే యూఏఎన్ నంబరు ఉండాలని 2014లో మొదలుపెట్టినా, పేరు కలవకపోతే కొత్త కాంట్రాక్టరు కొత్త నంబరు తీసేస్తాడు. అలా ఒకే మనిషి సర్వీసు మూడు నంబర్ల కింద చెల్లాచెదురై ఉంటుంది. రిటైరయ్యాక దీన్ని సరిచేయించుకోవడం నరకం. అప్పటికి పాత కాంట్రాక్టరు ఎక్కడున్నాడో తెలియదు, సరిదిద్దే ఉమ్మడి దరఖాస్తు మీద సంతకం పెట్టేవాడు దొరకడు. పనిలో ఉన్నప్పుడే చేయించుకోవాల్సిన పని ఇది. నమోదైన ఫోను నుంచి 9966044425 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే చివరగా పడిన వాటా ఎంతో మెసేజి వస్తుంది. ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ మొత్తం కనిపిస్తుంది. జీతం చీటీలో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేని నెల ఒక్కటి కనిపించినా అప్పుడే అడగాలి.

కాంట్రాక్టరు ఎగ్గొడితే ఫ్యాక్టరీకి సంబంధం లేదా అంటే, ఉంది. చట్టం దృష్టిలో కాంట్రాక్టరు ద్వారా పెట్టుకున్న కార్మికుడు కూడా ఉద్యోగే. అసలు యజమాని ముందు కట్టి, తర్వాత కాంట్రాక్టరు బిల్లులోంచి రాబట్టుకోవాలి. పీఎఫ్ చట్టం వర్తించే ఇరవై మంది నిండకుండా పందొమ్మిది, పందొమ్మిది చొప్పున రెండు పేర్ల మీద చూపించే ఎత్తుగడ కూడా పాతదే. ఒకే సంస్థ విభాగాలూ శాఖలూ ఎన్ని చోట్ల ఉన్నా ఒకటిగానే లెక్కిస్తారు.

యాదయ్యకు పనిలో ఉండగా ఏదైనా అయితే? ఈ మాట ఎవరూ ముందుగా మాట్లాడరు, మాట్లాడాలి. ఒక్క నెల వాటా జమై ఉన్నా చాలు, పనిలో ఉండగా చనిపోతే భార్యకు పింఛను వస్తుంది; ఇక్కడ పదేళ్ల నియమం లేదు. ఇద్దరు పిల్లల దాకా పాతికేళ్లు నిండేవరకు విడిగా వస్తుంది. 1976 నాటి డిపాజిట్ అనుసంధాన బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా కుటుంబానికి అందుతుంది, దానికి కార్మికుడు ఒక్క పైసా కట్టడు. నామినీగా పెళ్లికి ముందు తల్లి పేరు రాసి, పెళ్లయ్యాక మార్చకపోవడం వల్ల ఇంట్లో తగాదాలు పుట్టడం మామూలైపోయింది. పీఎఫ్ నియమం ప్రకారం పెళ్లితో పాత నామినేషను చెల్లకుండా పోతుంది, కొత్తది పెట్టాలి.

గ్రాట్యుటీ లెక్క ఇంతకన్నా సులువు. చివరి నెల వేతనాన్ని 15తో హెచ్చించి 26తో భాగిస్తే ఒక ఏడాది సర్వీసుకు వచ్చేది. 13,000 వేతనానికి అది 7,500, పన్నెండేళ్లకు 90,000. గరిష్ఠ పరిమితి 20 లక్షలు. పదిమంది పనిచేసే చోట ఎక్కడైనా ఇవ్వాలి. అయిదేళ్ల సర్వీసు కావాలి, మరణం లేదా వైకల్యం అయితే అక్కర్లేదు. గడువు పెట్టి నియమించినవారికి ఏడాది చాలని 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త సామాజిక భద్రతా కోడ్ చెబుతోంది; కాంట్రాక్టు కాగితాలతో బతికే యువకులకు ఇది నిజమైన మేలు. అదే కోడ్‌లో వేతనానికి కొత్త నిర్వచనం ఉంది: భత్యాల మొత్తం సగానికి మించితే, మించినదాన్ని వేతనంలో కలపాలి. మూలవేతనం చిన్నదిగా చూపించి మిగతాదంతా అలవెన్సుల పేరుతో ఇచ్చి పీఎఫ్, గ్రాట్యుటీ తగ్గించే పద్ధతికి ఇది అడ్డుకట్ట. గ్రాట్యుటీ ముప్పై రోజుల్లో ఇవ్వాలి, ఆలస్యమైతే వడ్డీతో ఇవ్వాలి. క్వార్టరు ఖాళీ చేయలేదనో, రాజీనామా చేశావనో, యూనియన్‌లో తిరిగావనో ఎగ్గొట్టే వీలు ఈ చట్టం ఇవ్వలేదు. ఆస్తి నష్టం, హింస, నీతిబాహ్యమైన నేరం వంటి కొన్ని కారణాల మీద ఉద్యోగంలోంచి తీసేస్తేనే ఆపగలరు, అదీ లిఖితపూర్వకంగా.

ఇప్పుడు మళ్లీ నందికొండకు వద్దాం. హిల్ కాలనీ, పైలాన్ కాలనీల్లో పెరిగిన తరానికి ఎన్ఎంఆర్, వర్క్‌చార్జ్‌డ్ అన్న మాటలు కొత్తవి కావు. ప్రాజెక్టు పనుల్లో మస్టర్ రోల్ మీద రోజు కూలికి పెట్టుకున్నవాళ్లు ఎన్ఎంఆర్‌లు. పని ఖర్చులోంచే జీతం తీసుకునేవాళ్లు వర్క్‌చార్జ్‌డ్ సిబ్బంది. ఏళ్ల తరబడి చేసినా కాగితం మీద తాత్కాలికులే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1994లో రెండో నంబరు చట్టంతో ఈ నియామకాలకు తలుపు మూసింది. అదే ఏడు 212వ నంబరు జీవోతో, 1993 నవంబరు 25 నాటికి అయిదేళ్లు నిండినవాళ్లను అర్హతల మేరకు క్రమబద్ధం చేస్తామంది. ఆ ఒక్క తేదీకి అటు ఉన్నవాడికీ ఇటు ఉన్నవాడికీ మధ్య జీవితమంత తేడా వచ్చింది. తర్వాత 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉమాదేవి తీర్పు ఆ తలుపును ఇంకా బిగించింది.

క్రమబద్ధమైన వాళ్లకు కూడా చివర్లో ఒక చిక్కు వచ్చిపడేది: రెగ్యులర్ అయిన నాటి నుంచే సర్వీసు లెక్కిస్తాం, అంతకు ముందు పాతికేళ్లు మాకు తెలియదు అనే జవాబు. దీని మీద రెండు తీర్పులు ప్రతి పాత ప్రాజెక్టు కార్మికుడికీ తెలియాలి. ఛత్తీస్‌గఢ్‌కు చెందిన నేత్రామ్ సాహు పాతికేళ్లకు పైగా ప్రభుత్వానికి పనిచేశాడు. అందులో 22 ఏళ్లు రోజుకూలీ. రెగ్యులర్ సర్వీసు అయిదేళ్లు లేదు కాబట్టి గ్రాట్యుటీ లేదన్నారు. 2018లో సుప్రీంకోర్టు మొత్తం సర్వీసుకు గ్రాట్యుటీ ఇమ్మంది. 2019లో ఉత్తరప్రదేశ్‌కు చెందిన ప్రేమ్ సింగ్ కేసులో, వర్క్‌చార్జ్‌డ్‌గా చేసిన కాలాన్ని కూడా పింఛను సర్వీసులో కలపాలని తీర్పిచ్చింది. వర్క్‌చార్జ్‌డ్ పేరుతో ఏళ్ల తరబడి మామూలు పని చేయించుకుని, పింఛను దగ్గర ఆ ఏళ్లను కొట్టేయడం న్యాయం కాదన్నది దాని సారం. 2024 డిసెంబరులో జగ్గో కేసులో తీర్పు వచ్చింది. కేంద్ర జల సంఘం కార్యాలయంలో ఊడ్చే పని, తోటపని చేసే తాత్కాలిక కార్మికుల కేసు అది. ఉమాదేవి తీర్పును అడ్డం పెట్టుకుని శాశ్వతమైన పనిని తాత్కాలికం అనడం కుదరదంటూ కోర్టు వాళ్లను క్రమబద్ధం చేయమంది. నీళ్ల శాఖ కార్యాలయాల్లో చీపురు పట్టినవాళ్లు గెలిచిన కేసు కాబట్టి, సాగర్ కాలనీల్లో దీన్ని ఇంటింటికీ చెప్పాలని నాకనిపిస్తుంది.

కట్ట కింద జలవిద్యుత్ కేంద్రం ఉంది. అక్కడ గీత ఇంకో తేదీ మీద పడింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డును జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టారు. ఆ తేదీకి ముందు చేరినవారికి జీపీఎఫ్, ప్రభుత్వ తరహా పింఛను. తర్వాత చేరినవారికి ఈపీఎఫ్. ఒకే టర్బైను దగ్గర పక్కపక్కన నిలబడి పనిచేసిన ఇద్దరి ముసలితనాలు వేరు. 1999 నుంచి 2004 ఆగస్టు మధ్య చేరినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగులకు పాత పింఛను ఉన్న కాలమే కదా అది, మాకెందుకు లేదని ఏళ్లుగా అడుగుతున్నారు. 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన ప్రభుత్వ ఉద్యోగులకు కూడా పాత పింఛను పోయి, జీతంలోంచి కోసి మార్కెట్లో పెట్టే సీపీఎస్ వచ్చింది. అక్కడ జమయ్యే వాటాకు హామీ ఉంది, చివరికి వచ్చే పింఛను ఎంతో హామీ లేదు.

పాలమూరు కూలి మాత్రం ఇంకా ఈ లెక్కలన్నిటికీ బయటే ఎక్కువగా ఉన్నాడు. నెలకో ఊరు, పనికో మేస్త్రీ. అతని కోసం 1996లో నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. కట్టడాల విలువ మీద ఒక శాతం సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డు ద్వారా ఖర్చు చేస్తారు. పద్దెనిమిది నుంచి అరవై ఏళ్ల లోపు వయసు, ఏడాదిలో 90 రోజుల పని ఉంటే కార్డు తీసుకోవచ్చు. ప్రమాద పరిహారం, ప్రసూతి సాయం వంటివి ఆ కార్డుతోనే ముడిపడి ఉన్నాయి. అరవై దాటినవారికి పింఛను ఇచ్చే వీలు చట్టంలోనే ఉంది. గడువు దాటి రెన్యువల్ కాని కార్డు ఉత్త అట్టముక్క అవుతుంది, ప్రమాదం జరిగాక రెన్యువల్ కుదరదు.

కొత్త కోడ్‌లో ఒక మార్పు మాత్రం నన్ను కలవరపెడుతోంది. పీఎఫ్ బకాయి తేల్చే విచారణను వివాదం తలెత్తిన అయిదేళ్ల లోపే మొదలుపెట్టాలి. 1952 చట్టంలో ఇలాంటి గడువు లేదు. పాత పథకాలూ నియమాలూ కొంతకాలం సాగుతాయి గానీ, ‘రిటైరయ్యేటప్పుడు చూసుకుందాం’ అనే అలవాటుకు ఇక చోటు లేదు. కాంట్రాక్టరు ఎగ్గొట్టిన సంగతి ఆ ఏడాదే పీఎఫ్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న ప్రతి దాచుకోవాలి. గ్రాట్యుటీ అయితే కార్మిక శాఖ అధికారి దగ్గర. లాయరు తప్పనిసరి కాదు.

అక్కడ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: నువ్వు అక్కడ పనిచేశావని చూపించేది ఏముంది? మస్టర్ యజమాని దగ్గర ఉంటుంది, కార్మికుడి దగ్గర ఉండదు. కానీ గేటు పాసు, ఈఎస్ఐ కార్డు, కూలి పడిన బ్యాంకు పాస్‌బుక్, ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో వచ్చిన డ్యూటీ చార్టు, బస్తాల లెక్క రాసిన చీటీ, హెల్మెట్ ఇచ్చినప్పుడు తీసుకున్న రసీదు ఇవన్నీ ఆధారాలే. వీటిలో ఒకటి రెండు చూపిస్తే చాలు, రిజిస్టరు తెప్పించే పని అధికారిది. సివిల్ కోర్టులాగే యజమానిని పిలిపించి పుస్తకాలు తెమ్మనే అధికారం పీఎఫ్ అధికారికి ఉంది. యజమాని రాకపోయినా, పుస్తకాలు తేకపోయినా, చేతిలో ఉన్న ఆధారాలతోనే బకాయి తేల్చి ఉత్తర్వు ఇవ్వవచ్చు.